పసుపు కార్డు ఒక్కటి ఉంటే చాలా?

"కార్డు ఉంది కదా డాక్టరమ్మగారూ, మరి ఈ జ్వరం ఎందుకొచ్చింది?"

మా ఐ.సి.యు. బయట నిలబడి ఒక ఇల్లాలు నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆమె భర్త ఉగాండాలో బోరు బండి మీద పనిచేస్తాడు. ఎనిమిది నెలలు అక్కడ పనిచేసి, క్రిస్మస్‌కు ఇంటికి వచ్చాడు. వచ్చిన తొమ్మిదో రోజున చలి, జ్వరం మొదలయ్యాయి. ఊళ్ళో చూపించారు. రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. సెలైన్ ఎక్కించారు, ఇంజక్షన్లు చేశారు. ఆరో రోజుకు కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం తగ్గిపోయింది, మాట తడబడింది. అప్పుడు మా ఆసుపత్రికి తీసుకువచ్చారు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. నేను జ్వరం ఎన్నాళ్ళ నుండి అని అడిగాను, ఏ మందులు వాడారని అడిగాను, తాగుడు అలవాటు ఉందా అని కూడా అడిగాను. "ఈమధ్య ఎక్కడికైనా వెళ్ళి వచ్చారా?" అని మాత్రం అడగలేదు. అడ్మిషన్ కౌంటరులో ఆధార్ కార్డు కావాలంటే, ఆమె సంచి వెతుకుతూ ముందు పాస్‌పోర్టు బయటికి తీసింది. దానిలో, ప్లాస్టిక్ కవరులో భద్రంగా, పసుపు రంగు టీకా కార్డు ఉంది. అది చూసిన తరువాతనే మలేరియా పరీక్ష చేయించాను. పావుగంటలో జవాబు వచ్చింది. ఫాల్సిపేరమ్ మలేరియా. అప్పటికే అది కిడ్నీల మీదకు, మెదడు మీదకు వెళ్ళింది.

దేవుని దయవలన అతను బ్రతికాడు. ఆర్టిసునేట్ ఇంజక్షన్లు, కొన్నిసార్లు డయాలసిస్, మూడు వారాల మంచం. ఎనిమిది నెలలు కష్టపడి దాచిన డబ్బులో చాలా భాగం ఆ మూడు వారాలలోనే ఖర్చయిపోయింది. కాని ఆమె అడిగిన ప్రశ్న నన్ను వదలలేదు. మన సంఘ కుటుంబాల నుండి ఆఫ్రికా దేశాలకు ఉద్యోగాలకు వెళ్ళేవారు ఉన్నారు. టీచర్లుగా, నర్సులుగా, బోరు పనులకు, ఫ్యాక్టరీలకు, సేవా బృందాలతో వెళ్తున్నారు. వారందరి ఇళ్ళలోనూ ఇదే నమ్మకం ఉండవచ్చు. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

కార్డు ఎవరి కోసం?

ముందుగా ఆమె ప్రశ్నకు జవాబు. ఆ పసుపు కార్డు మలేరియాకు సంబంధించినది కాదు. అది ఎల్లో ఫీవర్ అనే మరొక జబ్బుకు వేసే టీకా ధ్రువపత్రం. రెండూ దోమల వలననే వస్తాయి, రెండింటిలోనూ జ్వరం, కామెర్లు ఉండవచ్చు. కాని క్రిములు వేరు, దోమలు వేరు, మందులు వేరు. ఒకదాని టీకా రెండవదాన్ని ఆపదు.

మరి ప్రభుత్వాలు ఈ కార్డును అంత పట్టుదలగా ఎందుకు అడుగుతాయి? ఎల్లో ఫీవర్ ఆఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను ఉంది. మన దేశంలో లేదు. కాని దాన్ని మోసే ఏడిస్ దోమ మన ప్రతి వీధిలోనూ ఉంది. మనకు డెంగ్యూ తెచ్చే దోమ అదే. వైరస్‌తో ఒక మనిషి దిగి, ఆ దోమ అతన్ని కుడితే, ఆ జబ్బుకు ఏ మాత్రం అలవాటు లేని మన ప్రజలలో అది ఎంత వేగంగా వ్యాపిస్తుందో ఊహించుకోవచ్చు. ఇది ఉత్త భయం కాదు. 2016లో అంగోలాలో ఎల్లో ఫీవర్ చెలరేగినప్పుడు, అక్కడ పనిచేస్తున్న చైనా కార్మికులలో 11 మంది ఆ జబ్బుతో స్వదేశానికి తిరిగి వచ్చారు. అదృష్టవశాత్తు అక్కడ అది వ్యాపించలేదు.

కనుక ఆ కార్డు మనల్ని ఎంత కాపాడుతుందో, మన ఇరుగుపొరుగును అంతకన్న ఎక్కువ కాపాడుతుంది. టీకా వేయించుకోకుండానే కార్డు ఇప్పిస్తామని చెప్పే ఏజెంట్ల మాట వినడం కేవలం చట్టవిరుద్ధం కాదు, మన వీధి పిల్లలకు మనం చేసే అన్యాయం.

ఉగాండా ఏడాది నిండిన ప్రతి ప్రయాణికుని దగ్గర ఈ కార్డు అడుగుతుంది. టీకా ఒక్క డోసు చాలు. వేయించుకున్న 10 రోజుల తరువాతనే కార్డు చెల్లుబాటు అవుతుంది. పూర్వం పదేళ్ళకు ఒకసారి మళ్ళీ వేయించుకోవాలనేవారు. 2016 జులై 11 నుండి ఆ నియమం మారింది, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. కార్డు లేకుండా ఆ దేశాల నుండి తిరిగి వస్తే మన విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు విడిగా ఉంచే అధికారం అధికారులకు ఉంది.

ఈ టీకా ప్రతి ఆసుపత్రిలోనూ వేయరు, ప్రభుత్వం అనుమతించిన కేంద్రాలలోనే వేస్తారు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అటువంటి కేంద్రం. ఒక సీసాలో చాలామందికి సరిపడే మందు ఉంటుంది, దాన్ని కలిపిన కొద్ది గంటలలో వాడేయాలి. అందువలన ముందుగా రోజు కనుక్కుని వెళ్ళడం మంచిది. ఇది బ్రతికి ఉన్న, బలహీనపరచిన వైరస్‌తో చేసిన టీకా. 9 నెలల లోపు పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కోడిగుడ్డు తింటే తీవ్రమైన ఎలర్జీ వచ్చేవారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు, 60 ఏళ్ళు దాటినవారు డాక్టరుతో మాట్లాడకుండా దీన్ని వేయించుకోకూడదు.

ఎవరూ అడగని జాగ్రత్త

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఉగాండాకు వెళ్ళే మనిషికి ఎల్లో ఫీవర్ కన్న మలేరియా వచ్చే అవకాశమే చాలా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో ప్రపంచమంతటా సుమారు 5 లక్షల 97 వేల మంది మలేరియాతో చనిపోయారు. వారిలో నూటికి 95 మంది ఆఫ్రికా ప్రాంతంవారే. అయినా మలేరియా మాత్రలు తెచ్చుకున్నావా అని ఎంటెబ్బే విమానాశ్రయంలో ఎవరూ అడగరు. వీసా ఆఫీసులో అడగరు. ఏజెంటు అడగడు. అడిగేవారు లేరు గనుక మనమూ మర్చిపోతాం.

నా అభిప్రాయం ఇదే. మనం ప్రయాణానికి ముందు ఆరోగ్యాన్ని ఒక కాగితంగా చూస్తున్నాం. ఏ కాగితం లేకపోతే విమానం ఎక్కనివ్వరో దాన్ని ఎంత దూరమైనా వెళ్ళి సంపాదిస్తాం. ఏది లేకపోతే ప్రాణం పోతుందో దాన్ని గురించి ఒక్క మాట అడగము. ఆ ఇల్లాలు అమాయకంగా అడిగిన ప్రశ్నలో ఉన్నది ఈ పొరపాటే.

దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధం లోకానికి తెలిసింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే డాక్టరు ఇక్కడి ఆసుపత్రిలో దోమ పొట్టలో ఆ క్రిమిని చూశాడు. అంత పెద్ద సంగతి తెలిసిన గడ్డ మీద పుట్టిన మనం, దోమల దేశానికి వెళ్తూ దోమతెర కూడా తీసుకువెళ్ళకపోవడం విచారకరం.

తరచు వినే మాటలు

ఈ విషయం చెప్పినప్పుడు నాకు ఎదురయ్యే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిని కొట్టిపారేయకుండా జవాబు చెప్పాలి.

మొదటిది: "మాకు చిన్నప్పుడే మలేరియా వచ్చి పోయింది. మన్యం జ్వరం చూసిన ఒళ్ళు ఇది." మన ప్రాంతాలలో వైవాక్స్ రకం ఎక్కువగా కనబడేది. అది మనిషిని బాధపెడుతుంది, ప్రాణం తీయడం అరుదు. ఆఫ్రికాలో దాదాపు అంతా ఫాల్సిపేరమ్ రకమే. మన ఏజెన్సీ ప్రాంతాలవారికి అది ఎంత ప్రమాదమో తెలుసు. ఇంకొక మాట, మలేరియా ఒకసారి వచ్చిపోతే శాశ్వతమైన రక్షణ ఏమీ రాదు. ఉన్న కొద్దిపాటి శక్తి కూడా కొన్నాళ్ళకు తగ్గిపోతుంది.

రెండవది: "అక్కడివాళ్ళు ఎవరూ మాత్రలు మింగరు." మా రోగికి అతని ఫోర్‌మన్ చెప్పిన మాట ఇది. అక్కడి పెద్దవాళ్ళు పుట్టిన నాటి నుండి వందలసార్లు ఆ దోమకాటు తిన్నవారు, వారి ఒంటికి కొంత తట్టుకునే శక్తి వచ్చింది. ఆ శక్తి వచ్చేలోగా ఎందరు పిల్లలు పోతున్నారో చూడండి. ఆఫ్రికాలో మలేరియాతో చనిపోయేవారిలో నలుగురిలో ముగ్గురు అయిదేళ్ళ లోపు పిల్లలే. మలేరియా విషయంలో మన ఒళ్ళు ఆ పసిబిడ్డల ఒళ్ళు వంటిదే.

మూడవది: "కంపాలా చల్లగా ఉంటుందట, బెంగుళూరులా ఉంటుందట." నిజమే, అది సముద్రమట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉంది, హాయిగా ఉంటుంది. ఆ చల్లదనం చూసి మోసపోవద్దు. ఉగాండాలో దాదాపు అన్ని చోట్లా, ఏడాది పొడుగునా మలేరియా ఉంటుంది.

నాల్గవది: "ఇక్కడి నుండి క్లోరోక్విన్ మాత్రలు పట్టుకువెళ్తున్నాను, చాలు కదా?" చాలదు. ఆఫ్రికాలోని ఫాల్సిపేరమ్‌ను క్లోరోక్విన్‌తో ఆపగలమని నమ్మే రోజులు ఎప్పుడో పోయాయి. వేరే మందు కావాలి.

అయిదవది: "ఆ మాత్రలు పడవట." ఇందులో కొంత నిజం ఉంది. డాక్సీసైక్లిన్ ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపులో మంట పుడుతుంది, ఎండలో చర్మం త్వరగా కమిలిపోతుంది. భోజనం తరువాత, నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుని, వెంటనే పడుకోకుండా ఉంటే చాలామందికి ఇబ్బంది ఉండదు. మెఫ్లోక్విన్‌తో కొందరికి పీడకలలు, మనసు కలత వస్తాయి. మూర్ఛలు, మానసిక వ్యాధి ఉన్నవారికి అది ఇవ్వరు. ఒకటి పడకపోతే ఇంకొకటి ఉంది. పడదని మానేయడం కాదు, డాక్టరుకు చెప్పి మార్చుకోవాలి.

బయలుదేరే ముందు

ప్రయాణానికి నాలుగు నుండి ఆరు వారాల ముందు ఒకసారి డాక్టరును కలవండి. టికెట్టు కొన్న రోజునే ఆ పని పెట్టుకోండి. ఏ దేశం, ఏ ఊరు, ఎన్నాళ్ళు, ఏ పని అనేది చెప్పండి. పట్నంలో హోటలులో ఉండేవారికీ, పల్లెలో గుడారంలో పడుకునే బోరు పనివారికీ ప్రమాదం ఒకటి కాదు.

ఆరు వారాల లోపు ప్రయాణమైతే పెద్దవారికి సాధారణంగా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకొకటి, వెళ్ళడానికి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడ ఉన్నన్నాళ్ళు, తిరిగి వచ్చిన తరువాత నాలుగు వారాలు. గర్భిణులకు, 8 ఏళ్ళ లోపు పిల్లలకు ఇది వద్దు. ఎక్కువ కాలం ఉండేవారికి వారానికొకసారి వేసుకునే మెఫ్లోక్విన్‌ను, వెళ్ళడానికి రెండు వారాల ముందే మొదలుపెట్టి, వచ్చాక మరి నాలుగు వారాలు ఇస్తారు. ఏది, ఎంత అనేది డాక్టరు నిర్ణయించాలి, ఈ పేజీ చూసి మందుల షాపులో కొనవద్దని మనవి. గర్భిణులు వీలైతే ఆ ప్రయాణాన్ని కాన్పు అయ్యేవరకు వాయిదా వేయడం మేలు. మలేరియా తల్లికీ బిడ్డకూ ప్రమాదకరం.

ఇంటికి వచ్చాక ఆ నాలుగు వారాల మాత్రలు ఎందుకని చాలామంది మానేస్తారు. దోమ కుట్టిన తరువాత క్రిమి ముందు లివరులో దాగి, పెరిగి, అప్పుడు రక్తంలోకి వస్తుంది. చివరి రోజు కుట్టిన దోమ సంగతి మనం ఇల్లు చేరాకే తెలుస్తుంది.

మాత్రలు నూటికి నూరుపాళ్ళు కాపాడవు. కనుక మందు అద్దిన దోమతెర, నిండు చేతుల చొక్కా, ఓడోమాస్ వంటి పూత కూడా కావాలి. మలేరియా దోమ పొద్దు వాలినప్పటి నుండి తెల్లవారేవరకు కుడుతుంది. ఏడిస్ దోమ పగలు కుడుతుంది. రెండు పూటలా జాగ్రత్త అవసరమే.

మిగిలిన టీకాల విషయంలో, టైఫాయిడ్ టీకా తప్పక వేయించుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొట్టమొదట ఆమోదించిన కొత్త రకం టైఫాయిడ్ టీకా మన హైదరాబాదులో తయారైనదే. పదేళ్ళుగా టెటనస్ టీకా తీసుకోకపోతే అదీ ఒకటి వేయించుకోండి. హెపటైటిస్-ఎ మన పెద్దవారిలో చాలామందికి చిన్నతనంలోనే వచ్చి పోయి ఉంటుంది, కాని పట్నంలో శుభ్రమైన నీళ్ళు తాగి పెరిగిన పిల్లలకు టీకా అవసరం కావచ్చు. ఉత్తర ఉగాండాకు ఎండాకాలంలో వెళ్ళేవారు మెదడువాపు తెచ్చే మెనింజైటిస్ టీకా గురించి అడగాలి. కుక్క కరిస్తే మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే మాట. 15 నిమిషాలు సబ్బు నీటితో కడిగి, ఆ రోజే టీకాకు వెళ్ళాలి.

సేవా బృందాలవారికి ఇంకొక మాట. విక్టోరియా సరస్సు అందంగా ఉంటుంది. కాని అక్కడి నీటిలోని నత్తల నుండి వచ్చే బిల్హార్జియా అనే పురుగు చర్మం గుండా ఒంట్లోకి దూరుతుంది. ఈతకైనా, స్నానానికైనా, బాప్తిస్మపు ఆరాధనకైనా ఆ నీటిలో దిగితే, తిరిగి వచ్చాక డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. దానికి మంచి మందు ఉంది.

తిరిగి వచ్చిన తరువాత

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే, ఇది గుర్తుంచుకోండి. ఆఫ్రికా నుండి వచ్చిన మనిషికి ఏడాది లోపల ఎప్పుడు జ్వరం వచ్చినా, మలేరియా కాదని తేలేవరకు దాన్ని మలేరియాగానే చూడాలి. దోమ కుట్టిన ఏడో రోజు మొదలు, ఎక్కువమందిలో నెల లోపల, కొందరిలో నెలల తరువాత జ్వరం వస్తుంది. మాత్రలు వేసుకున్నా రావచ్చు.

మా రోగి కథలో నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం తరువాత తెలిసింది. ఉగాండాలో ఉన్న ఎనిమిది నెలలలో అతనికి రెండుసార్లు మలేరియా వచ్చింది. రెండుసార్లూ అక్కడి చిన్న క్లినిక్‌లో, జ్వరం వచ్చిన రోజునే వేలి నుండి రక్తం తీసి చూసి, మాత్రలిచ్చారు. మూడు రోజులలో తిరిగి పనికి వెళ్ళాడు. అక్కడ జ్వరమంటే ముందు మలేరియా గుర్తొస్తుంది. ఇక్కడ ముందు టైఫాయిడ్, వైరల్ గుర్తొస్తాయి. అన్ని నెలలు దోమల మధ్య బ్రతికినవాడు, ఇన్ని ఆసుపత్రులున్న సొంత ఊళ్ళో చావుకు దగ్గరయ్యాడు. కారణం ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

కనుక జ్వరం వచ్చిన రోజునే వెళ్ళండి. డాక్టరు అడగకపోయినా, కూర్చోగానే మొదటి మాటగా చెప్పండి: "నేను ఉగాండా నుండి ఫలానా తారీఖున వచ్చాను, మలేరియా పరీక్ష చేయండి." మొదటి పరీక్షలో లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే, మరుసటి రోజు, ఆ మరుసటి రోజు మళ్ళీ చేయించాలి. 2022లోను, 2025లోను ఉగాండాలో ఎబోలా కనిపించింది. అటువంటి కబురు ఉన్న రోజులలో వచ్చినవారు జ్వరం వస్తే ముందు ఆసుపత్రికి ఫోను చేసి, చెప్పి రావడం అందరికీ క్షేమం.

మనందరి బాధ్యత

డాక్టర్లుగా మా వంతు మేము దిద్దుకుంటున్నాం. ఇప్పుడు మా ఓ.పి.లో జ్వరంతో వచ్చిన ప్రతివారినీ "ఈమధ్య ఎక్కడికైనా వెళ్ళి వచ్చారా?" అని అడుగుతున్నాం. మమ్మల్ని తప్పుగా అనుకోవద్దు.

పనికి తీసుకువెళ్ళే యజమానులకు ఒక విన్నపం. టికెట్టు, వీసా ఖర్చులతోపాటు మాత్రలు, దోమతెర ఖర్చు కూడా మీరే భరించండి. ఒక మనిషి మంచం పడితే అయ్యే నష్టంతో చూస్తే అది చాలా తక్కువ.

సంఘంలో ఎవరైనా దూరదేశం వెళ్తుంటే మనం ప్రార్థన చేసి పంపుతాం, పచ్చళ్ళు కట్టి ఇస్తాం, విమానాశ్రయం దాకా వెళ్తాం. ఆ ప్రేమతోనే ఒక్క ప్రశ్న అడుగుదాం. "అన్నా, మలేరియా మాత్రలు తీసుకున్నావా?" ఆఫీసరు అడగని ఆ ప్రశ్న అక్క, చెల్లి, అమ్మ, పాస్టరుగారు అడగాలి.

ఆ ఇల్లాలు భర్తను ఇంటికి తీసుకువెళ్ళేరోజు నా దగ్గరకు వచ్చింది. ఆయన మళ్ళీ వెళ్తానంటున్నాడని, అప్పు ఉందని, ఆపలేనని చెప్పింది. నేను ఆపమని చెప్పలేదు. బ్రతుకు తెరువు కోసం వెళ్ళేవారిని వెళ్ళవద్దని చెప్పే హక్కు నాకు లేదు. మాత్రల చీటీ వ్రాసి, ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో ఆమె చేతనే నోటితో చెప్పించుకున్నాను. ఆమె ఆ చీటీని మడిచి, పాస్‌పోర్టు కవరులో, పసుపు కార్డు ప్రక్కన పెట్టుకుంది.